సున్నమ్మ రక్తం

ల్యాబులో ఆమెను అందరూ సున్నమ్మ అనేవాళ్ళు. పేరు విని ఎందుకూ కొరగాని మనిషి అనుకునేరు, అదేం కాదు. ఆ ప్రసూతి ఆసుపత్రి ల్యాబులో ఆమె లేకపోతే పని ఒక్క అడుగు ముందుకు పడదు.

ఊరు రేవు ఊరు. అక్కడ పుట్టిన ప్రతివాడూ చేప తినే పెరుగుతాడు. ఆ చేపల కండలో ఒక్కోసారి సన్నని తెల్ల పురుగు చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంటుంది. సరిగా ఉడకని చేపతోపాటు అది కడుపులోకి పోయిందా, మనిషికి తెలియకపోయినా మనిషి రక్తానికి తెలుస్తుంది. మళ్ళీ వస్తే పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారుచేసుకుని కూర్చుంటుంది. అవి తల్లినుంచి బిడ్డకు ఎంతవరకు వెళ్తున్నాయో చూద్దామని పెద్ద డాక్టరమ్మ నడుం కట్టింది. కాన్పయిన తల్లి రక్తం, పుట్టిన బిడ్డ మడమలోంచి తీసిన రక్తం జంటగా ల్యాబుకు వస్తాయి. పురుగు సారం పూసిన ప్లాస్టిక్ పలకలో చిన్న చిన్న గుంటలుంటాయి. రక్తపు తేట అందులో వేస్తే, యాంటీబాడీలున్న గుంట పసుపు రంగుకు తిరుగుతుంది. లేని గుంట నీళ్ళలాగే ఉండిపోతుంది.

అయితే "ఏమీ లేదు" అంటే ఎలా ఉంటుందో యంత్రానికి ముందు చూపించాలి కదా! ఉత్త నీళ్ళు పోస్తే కుదరదు. మనిషి రక్తమే కావాలి, అదీ ఆ పురుగు మొహం ఎన్నడూ ఎరగని మనిషిది. ఆ ఊళ్ళో అలాంటి మనిషిని ఎక్కడినుంచి పట్టుకొస్తారు? వెతగ్గా వెతగ్గా ల్యాబులోనే దొరికింది. చిన్నప్పటినుంచీ చేప వాసనకే కడుపులో తిప్పే మనిషి, చేప లేనిదే ముద్ద దిగని ఇంట కోడలై కూడా పంతం విడవని మనిషి. ప్రతి పలకలోనూ మొదటి గుంట ఆమెది. ఆ గుంటలో ఎంత ఉంటే అంతా తీసేసి, మిగిలినదే అందరికీ లెక్క కడుతుంది యంత్రం. అందుకే ఆమె సున్నమ్మ అయింది.

పైకి విసుక్కునేది గానీ, ఆ పేరంటే ఆమెకు లోలోపల మహా గర్వం. "ఊరందరి రక్తానికీ నేనే కొలబద్ద" అని మొగుడితో అనేది. బస్సు నడిపి అలసిపోయి వచ్చిన ఆయన "సరే తల్లీ" అని పడుకునేవాడు.

సారం తయారుచేసే పని కూడా ఆమెదే. పురుగులు చేపల షెడ్డునుంచి సీసాలో వచ్చేవి. అక్కడ అడుగునుంచి దీపం వెలిగే గాజు బల్ల ఒకటుంది. దాని మీద చేప ముక్క పరిస్తే, కండలో దాక్కున్న పురుగు నీడలా కనబడుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చుని పట్టకారుతో పురుగుల్ని ఏరే ఆమెను అందరూ పట్టకారమ్మ అంటారు. ఉప్పునీళ్ళ సీసాలో వేసి, మూత బిగించి, ఆమే పంపేది. సున్నమ్మ వాటిని కడిగి, గడ్డకట్టించి, ఎండబెట్టి, కల్వంలో మెత్తగా నూరేది. తినేది కాదు కాబట్టి ఆమెకు ఏ వెరపూ లేదు. తెల్లటి పొడి గాల్లో లేచేది, ఆమె తుమ్మి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ నూరేది.

కడుపుతో ఉండగా ఒకరోజు జరిగింది చెబుతాను వినండి. అప్పుడే వచ్చిన సీసా బల్ల అంచున పెట్టుకుని మూత తీయబోయింది. అడుగున చుట్టలు చుట్టుకుని పడున్న పురుగులు మెల్లగా విప్పుకున్నాయి. ఒకటొకటే పాకి, ఆమె కడుపు ఉన్న వైపు గాజుకు వచ్చి చేరాయి. తలలు గాజుకు ఆనించి నిలబడ్డాయి. ఆమె కుర్చీ కొంచెం పక్కకు జరిపింది. అవీ జరిగాయి. పొద్దుటినుంచి లోపల ఒకటే తన్నుతున్న బిడ్డ ఆ క్షణాన కదలడం మానేసింది.

"పొడుగాయనా, ఒకసారి ఇటు రండి!"

పొడుగాయన ఆమెతోపాటు పలకలు నడిపే మనిషి. గుమ్మానికి తల తగలకుండా వంగి వచ్చి, చూసి నవ్వాడు.

"వెచ్చదనం అమ్మా, ఇంకేం కాదు. చల్లటి నీళ్ళలో ఉన్నాయి, నిండు కడుపేమో పొయ్యిలా ఉంటుంది. అటు రాక ఎటు పోతాయి? ఇదిగో చూడు" అని తన టీ గ్లాసు తెచ్చి సీసాకు అవతలి వైపు పెట్టాడు. పొగలు కక్కుతున్న టీ. కొన్ని పురుగులు అటు తిరిగాయి. చాలా మటుకు కదల్లేదు, ఆమె వైపే నిలబడి ఉన్నాయి.

"టీలో చక్కెర తక్కువైందేమో" అన్నాడు పొడుగాయన. ఆమె నవ్వలేకపోయింది. సీసాను ఫ్రిజ్‌లో పెట్టి తలుపు గట్టిగా మూసింది.

ఆ నెలల్లోనే ఆమెకు మణికట్ల దగ్గర ఎర్రగా దద్దుర్లు లేచి దురదపెట్టేవి. తుమ్ములు ఎక్కువయ్యాయి. కడుపుతో ఉన్న మనిషికి ఏమొచ్చినా ఆ కడుపు మీదికే తోసేస్తారు కదా, అత్తగారూ అదే అంది, డాక్టరమ్మా అదే అంది. ల్యాబులో ఇంకో వింత. ఊళ్ళో తల్లుల లెక్కలు మెల్లగా తగ్గుతూ వచ్చాయి. "జనం చేప బాగా ఉడకబెట్టుకోవడం నేర్చారు, మనం చెప్పింది చెవికెక్కింది" అని డాక్టరమ్మ మురిసిపోయింది. సున్నా గుంట కాస్త పసుపుగా ఉన్నట్టుందని పొడుగాయన ఒకసారి అన్నాడు. "సరిగా కడిగి ఉండరు, ఇంకోసారి కడగండి" అంది సున్నమ్మ. ఆయన కడిగాడు. యంత్రం ఎలాగూ ఆ గుంటలో ఉన్నదంతా తీసేస్తుంది, ఇంక దాన్ని పట్టించుకునేది ఎవరు?

సెలవు పెట్టే రోజున, తను లేనప్పుడు సున్నాకు కరువు రాకూడదని చెయ్యి చాపి ఒక ట్యూబు రక్తం ఇచ్చి మరీ వెళ్ళింది. వారం తిరక్కుండానే నొప్పులు వచ్చాయి.

మగపిల్లాడు. పుట్టీపుట్టగానే సరిగా ఊపిరి అందలేదని, తల్లికి మొహం చూపించీ చూపించకుండానే వెచ్చని గదిలో గాజు పెట్టెలోకి తీసుకుపోయారు. చూడండి చిత్రం, ఆ పూటే పట్టకారమ్మా అక్కడే కన్నది, ఆమెకూ మగపిల్లాడే. ఆ పిల్లాడూ పక్క పెట్టెలోనే ఉన్నాడు. తెల్లవారగానే పట్టకారమ్మ "ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళకెవరు వండుతారు?" అని, మడమ రక్తం తీసేదాకా కూడా ఆగకుండా పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. సున్నమ్మ పిల్లాణ్ణి మాత్రం రక్తం తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. ఆమె కడుపు నిండా పాలిచ్చింది. ఆ రోజు ఆమెంత సుఖపడ్డ మనిషి ఆ వార్డులో లేదు.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. అంత పెద్ద మనిషి ఊరికే కూర్చోదు.

"నీ రక్తం, బాబు రక్తం కూడా పలక మీద వేశాం. నీది సున్నా."

"నాది సున్నా కాక ఇంకేమవుతుంది మేడం!"

"బాబుది కాదు. ఉన్నాయి. కొద్దిగానే, కానీ ఉన్నాయి."

నిన్నగాక మొన్న పుట్టిన పసివాడికి ఆ యాంటీబాడీలు వస్తే తల్లి దగ్గరనుంచే రావాలి. తల్లి దగ్గర లేనివి బిడ్డకు ఎక్కడినుంచి వస్తాయి?

"ట్యూబులు తారుమారయ్యాయేమో?"

"నేనూ అదే అనుకున్నా. పొద్దున నేనే దగ్గరుండి మళ్ళీ తీయించా. అదే లెక్క వచ్చింది." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "వెచ్చని గది నర్సును అడిగా. బాబు చేతి పట్టీ ఒకసారి ఊడిపోయిందట, మళ్ళీ కట్టారట. రక్తం గ్రూపు చూస్తే నీదే, కానీ సగం ఊరిది ఆ గ్రూపే. అసలు తేల్చే డీఎన్ఏ పరీక్షకు బయటికి పంపాలి, వారాలు పడుతుంది. అందాకా ఎవరితోనూ అనకు."

ఎవరితోనూ అనకు అంటే ఇంట్లో అనకుండా ఉంటుందా? అత్తగారు విని ఇంతెత్తున లేచింది. "నీ పలకలూ నువ్వూ! ఆ చెవి చూడు, మా వాడి చెవి కాదూ? ఆ మడత చూడు!"

"చెవులు అందరికీ ఉంటాయి అత్తయ్యా."

"ఇట్లాంటిది మా వంశంలోనే ఉంటుంది" అని ఆవిడ పిల్లాణ్ణి గుండెకు హత్తుకుంది.

సున్నమ్మ మాత్రం ఏ చెవినీ నమ్మదు. ఇన్నేళ్ళూ ఆమె నమ్మింది ఒక్క పలకనే. ఇంటికి వచ్చాక ఉయ్యాల పక్కన కూర్చుని వాణ్ణి చూస్తూ ఉండేది, ముట్టుకునేది కాదు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వాడి మీద పడేది. వాడు మోకాళ్ళు ముడుచుకుని, గుండ్రంగా చుట్టుకుని పడుకునేవాడు. ఆ చుట్ట ఆమెకు ఎక్కడో చూసినట్టే ఉండేది. ఆమె గదిలోకి వస్తే చాలు, కళ్ళు మూసుకునే ఉండి మెల్లగా తల ఆమె వైపు తిప్పేవాడు. ఆమె కిటికీ దగ్గరికి జరిగితే వాడి తలా కిటికీ వైపు తిరిగేది. పసిపిల్లలందరూ అంతేనని అత్తగారు చెప్పింది. ఆమెకు మాత్రం ల్యాబులోని ఆ సీసాయే గుర్తొచ్చేది. వాడు ఏడిస్తే రవిక తడిసిపోయేది, అయినా పాలు ఇవ్వలేకపోయింది. వేరొకరి బిడ్డకు ఇస్తున్నానా, ఇదే వేళకు నా బిడ్డకు వేరొకరు ఇస్తున్నారా అని గుండె పిండేసేది. అత్తగారే తిట్టుకుంటూ డబ్బా పాలు కలిపి పట్టేది.

రెండు రోజులు అలా గడిచాక ఇంక ఉండబట్టలేక, పచ్చి బాలింత, శాలువా కప్పుకుని పట్టకారమ్మ ఇంటికి బయల్దేరింది. శీతల గిడ్డంగి వెనక సందు. గోడలు తడిగా ఉన్నాయి. ఒకటే గది, ఒక మూల స్టవ్వు, ఇంకో మూల బట్టల తాడు. మంచం మీద పిల్లాడు. సున్నమ్మ గుమ్మంలో నిలబడి వాణ్ణి చూసిందో లేదో పాలు పొంగుకొచ్చాయి. "వీడే, వీడే నా వాడు" అని లోపల ఎవరో అరిచినట్టయింది.

పట్టకారమ్మ పలకరింపుగా నవ్వింది. సంగతి విన్నాక నవ్వు ఆరిపోయింది.

"ఏంటక్కా ఆ మాటలు? నీ పలక ఏదో చెప్పిందని నా బిడ్డను ఇమ్మంటావా?"

"ఇమ్మని అనట్లేదమ్మా. ఒక్కసారి ఎత్తుకోనివ్వు."

"ఎత్తుకోనివ్వను!" పట్టకారమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. అంతలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఏం పనక్కా ఇది? ఇప్పుడు నేను మాత్రం వీణ్ణి ఎట్లా చూడను? ఇంక ప్రతిసారీ వీడి మొహంలో వెతుక్కుంటూ కూర్చోవాలా?"

అడ్డం పెట్టిన ఆ చేతుల్నే సున్నమ్మ చూస్తూ ఉండిపోయింది. మణికట్ల దగ్గర ఎర్రగా, గాజులు వేసినట్టు దద్దుర్లు.

"ఇవేంటి?"

"ఏవి? ఓ, ఇవా. మా బల్ల దగ్గర అందరికీ ఉండేవేలే. గ్లౌజు అయిపోయిన చోట లేస్తాయి."

"చేప తింటే ఎక్కువవుతాయా?"

"నేనెక్కడ తింటానక్కా! ఆ పురుగుల్ని ఏరడం మొదలుపెట్టినప్పట్నుంచీ చేప నోట పెడితే ఒట్టు."

సున్నమ్మ శాలువాలోంచి తన చేతులు బయటికి తీసింది. మణికట్ల దగ్గర ఎర్రగా, గాజులు వేసినట్టు దద్దుర్లు. ఆమె ఆ నాలుగు చేతుల్ని మార్చి మార్చి చూసింది. తినని మనిషికీ వస్తాయి. ముట్టుకుంటే వస్తాయి. మరి పొడి చేసి, ఇన్నేళ్ళూ పీలిస్తే?

సున్నా గుంట కాస్త పసుపుగా ఉందన్న పొడుగాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంకోసారి కడగమన్నది తనే. తన రక్తం నిండా ఆ పురుగు గుర్తులే ఉంటే, యంత్రం అదే సున్నా అనుకుని అందరి లెక్కలోంచీ అంతంత తీసేస్తూ వచ్చింది. ఊరి తల్లుల లెక్కలు తగ్గింది అందుకు. తన రక్తాన్ని తన రక్తంతోనే కొలిస్తే సున్నా కాక ఇంకేం వస్తుంది? ఏళ్ళ తరబడి తన ఒంట్లోనే, తనకు చెప్పకుండా, తను అసహ్యించుకున్నదాన్ని రక్తం శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటూ కూర్చుంది. తన ఒళ్ళే తనకు పరాయిదనిపించింది.

"నాతో రామ్మా" అంది పట్టకారమ్మతో. "పిల్లాణ్ణి కూడా తీసుకురా. ఇది తేలకపోతే మనిద్దరికీ బతుకు లేదు."

పట్టకారమ్మ చాలాసేపు ఆలోచించి, పిల్లాణ్ణి గుడ్డలో చుట్టుకుని లేచింది.

ల్యాబులో సంగతి చెప్పేసరికి పెద్ద డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "అయ్యో రాత! ఇన్ని నెలల లెక్కలూ?"

"అవన్నీ మళ్ళీ చేద్దాం మేడం, నేనే చేస్తా. ముందు నా బిడ్డ ఎవరో చెప్పండి."

పలక ఆ మాట చెప్పలేదు. ఇద్దరు తల్లుల రక్తంలోనూ ఉన్నాయని తేలితే, ఏ బిడ్డ ఎవరి బిడ్డయినా కావచ్చు. దానికి కాగితపు పట్టీ పరీక్ష ఒకటుంది. పురుగు సారాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి సన్నని తెల్ల పట్టీ మీద అద్దుతారు. ఒక్కొక్కరి రక్తం ఆ పురుగులో ఒక్కొక్క ముక్కను పట్టుకుంటుంది, పట్టుకున్న చోట గోధుమరంగు గీత లేస్తుంది. ఇద్దరు మనుషుల గీతలు ఒక్కలా ఉండవు. పసివాడికి సొంత గీతలంటూ లేవు, తల్లివే వాడివి. సున్నమ్మ పట్టీ ఇన్నేళ్ళలో ఎవరూ చెయ్యలేదు. సున్నాకు గీతలేంటని.

అత్తగారు పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. నలుగురి రక్తాలూ తీసి, నాలుగు పట్టీలు తొట్టిలో పక్కపక్కన పరిచాడు పొడుగాయన. ఆ రోజు ఆయన ఒక్క జోకూ వెయ్యలేదు. మరునాడు పొద్దున అందరూ మళ్ళీ వచ్చారు, ఎవరి కళ్ళూ నిద్రపోయిన కళ్ళు కావు. ఆయన పట్టీల మీద రంగునీళ్ళు పోశాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత పట్టకారమ్మ పట్టీ మీద గీతలు లేచాయి, పైన దట్టంగా రెండు, కింద ఒకటి. సున్నమ్మ పట్టీ ఇంకా తెల్లగానే ఉంది. అంతలో దాని మధ్యలో ఒక సన్నని గీత, దాని కింద ఇంకోటి, చివర అంచున ఒంటరిగా మరొకటి. ఇన్నేళ్ళూ ఖాళీ అనుకున్న తన లోపలి రాత అలా ఒక్కొక్క గీతే బయటికి వచ్చింది. బిడ్డల పట్టీలు రెండూ తెల్లగా ఉన్నాయి. పట్టకారమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. దద్దుర్ల మణికట్లు రెండూ ఆనుకున్నాయి.

అత్తగారి ఒళ్ళో ఉన్న పిల్లాడి పట్టీ మీద గీత లేచింది. మధ్యలో. దాని కింద ఇంకోటి. చివర అంచున ఒంటరిగా మరొకటి.

"నీవే" అంది డాక్టరమ్మ. "గీతకు గీత నీవే. చూడు, అటు ఆమెవీ ఆమె పిల్లాడివీ కలిశాయి. ఎవరి బిడ్డ వారి దగ్గరే ఉన్నాడమ్మా."

పట్టకారమ్మ పిల్లాణ్ణి మొహానికి అదుముకుని నేల మీద కూర్చుండిపోయింది. సున్నమ్మ మాత్రం పట్టీని ఇంకా చూస్తూనే ఉంది.

"మేడం, వాడివి నావాటికంటే ముదురుగా ఉన్నాయేంటి?"

"నిండు నెలల్లో అంతే. తల్లి తన దగ్గరున్నదానికంటే ఎక్కువే బిడ్డకు పంపిస్తుంది. అందుకే నిన్ను సున్నా అన్న పలక వాడిలో మిగులు చూపించింది. కొన్ని నెలలు పోతే వాడి రక్తం ఇవన్నీ మరిచిపోతుందిలే. అప్పుడు మనకు కొత్త సున్నా దొరికినట్టే!" అని డాక్టరమ్మ తేలికపరచబోయింది.

"వాడి జోలికి రాకండి మేడం" అంది సున్నమ్మ. ఆ గొంతు విని డాక్టరమ్మ నవ్వు ఆపేసింది.

ఆమె అత్తగారి ఒళ్ళోంచి పిల్లాణ్ణి తీసుకుంది. ఉన్నదంతా తన దగ్గరనుంచే మోసుకొచ్చినవాణ్ణి పరాయివాడని డబ్బా పాలకు వదిలేసింది. "తప్పయిపోయింది నాన్నా, తప్పయిపోయింది" అంటూ అక్కడే స్టూలు మీద కూర్చుని శాలువా కప్పుకుని పాలిచ్చింది. కళ్ళనీళ్ళు వాడి నెత్తి మీద పడుతున్నాయి. పొడుగాయన మొహం అటు తిప్పుకున్నాడు. వాడు ఆవురావురుమని తాగుతున్నాడు.

బల్ల మీద, పొద్దున షెడ్డునుంచి వచ్చిన సీసా ఉంది. పురుగులు విప్పుకుని గాజుకు చేరి, తలలు ఆనించి నిలబడి ఉన్నాయి, ఆమె వైపు.

"దాన్ని అవతల పెట్టండి" అంది.

పొడుగాయన సీసాను తీసుకుపోయి గదికి ఆ చివర, వేడినీళ్ళ కెటిల్ పక్కన పెట్టాడు. పురుగులు కాసేపు తడుముకున్నాయి. తర్వాత కెటిల్‌ను వదిలేసి, మెల్లగా ఇటు తిరిగాయి.

సున్నమ్మ లేచింది. పాలు తాగుతున్నవాణ్ణి తాగుతున్నట్టే శాలువాలో దాచుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. "చెవి చూసి చెప్పానా లేదా?" అంటూ అత్తగారు వెనకాలే వస్తోంది.